ఫ్రీజర్‌లో నేరేడు: గట్టిగా వెళ్ళిన పండు మెత్తగా ఎందుకొస్తుంది?

హెబ్బగోడి మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే, హోసూరు రోడ్డు పక్కన, జూన్ వచ్చిందంటే ఒక తోపుడుబండి నిలబడుతుంది. బండి నిండా నేరేడుపళ్ళు. ఒక మూల చిన్న గిన్నెలో ఉప్పు. అమ్మే ఆవిడది హోసూరు దగ్గర పల్లె. కన్నడవాళ్ళొస్తే ‘నేరళె హణ్ణు’ అంటుంది, తమిళులొస్తే ‘నావల్ పళం’ అంటుంది, మన మాట చెవిన పడగానే తెలుగులోకి దిగుతుంది. మొదటిసారి కిలోన్నర తూయించుకుంటుంటే నన్ను హెచ్చరించింది కూడా: “ఈపొద్దే తినేయల్లక్కా, రేపటికి ఆగవు.”

ఆవిడ మాట నిజం. నేరేడు చెట్టు మీద నుంచి దిగాక ఒకటి రెండు రోజులకే తొడిమ దగ్గర మెత్తబడుతుంది, మూడో రోజుకు పులిసిన వాసన మొదలవుతుంది. పైగా ఈ ఊళ్ళో జూన్ అంటే చిరుజల్లులు, తడి గాలి. బూజుకు అంతకంటే ఏం కావాలి? పళ్ళేమో ఏడాదికి ఒకసారి, ఆరు వారాలకు మించి దొరకవు. సంక్రాంతికి అనంతపురం నుంచి వచ్చే మా అమ్మకు నేరేడంటే ప్రాణం. అందుకని తిన్నన్ని తిని, మిగిలిన కిలో కవరులోనే ముడివేసి ఫ్రీజర్‌లో పెట్టేశాను.

ఆగస్టులో ఒక ఆదివారం, ఎలా ఉన్నాయో చూద్దామని ఆ మూట తీశాను. రాయిలా ఒకే ముద్ద. గంటన్నర బయట పెడితే ముద్ద విడిపోయి, గిన్నె అడుగున ఊదా రంగు మడుగు కట్టింది. అందులో పళ్ళు చెమ్మగిల్లిన గుడ్డపీలికల్లా పడి ఉన్నాయి. రుచి ఉంది, రంగు ఉంది, వాసన కూడా ఉంది. పంటి కింద నిలిచే ఆ బిగువు మాత్రం లేదు. పక్కింటి పిల్ల గిన్నెలోకి తొంగి చూసి అడిగింది: “ఐస్ గట్టిగా ఉంటుంది కదా ఆంటీ, మరి ఐసులో పెట్టింది మెత్తగా ఎందుకయింది?”

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, నేరేడే కాదు, ద్రాక్ష, స్ట్రాబెర్రీ, మల్బరీ, ఉసిరి ఏదైనా ఇంట్లో దాచుకునే పద్ధతి దానంతటదే అర్థమవుతుంది.

టైరు, ట్యూబు

నేరేడు గుజ్జును సూక్ష్మదర్శిని కింద పెడితే కనిపించేది నీళ్ళ సంచుల గుంపు. ఆ సంచులే కణాలు. ఒక్కొక్కటి దాదాపు మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. నేరేడులో వందకు ఎనభై పైచిలుకు పాళ్ళు నీళ్ళే. స్ట్రాబెర్రీలోనైతే తొంభై.

ప్రతి సంచికీ రెండు పొరలుంటాయి. లోపలిది పల్చటి పొర. నీళ్ళనూ, చక్కెరనూ, రంగునూ బయటికి పోకుండా పట్టి ఉంచేది అదే. బయటిది కాస్త మొరటు గోడ. సైకిలు చక్రంలో ట్యూబు, టైరు ఎలాగో ఇవీ అలాగే. ట్యూబులో గాలి నిండి టైరును లోపల్నుంచి నెట్టినప్పుడే చక్రం బిగువుగా నిలుస్తుంది. కణంలో గాలి పని నీళ్ళు చేస్తాయి. వాడిపోయిన కొత్తిమీర కట్టను గ్లాసు నీళ్ళలో నిలబెడితే గంటకల్లా తలెత్తుకోవడం చూసే ఉంటారు. ఖాళీ అయిన ట్యూబుల్లోకి మళ్ళీ నీళ్ళెక్కాయన్న మాట. పండు కొరికినప్పుడు పంటికి తగిలే బిగువంతా ఆ ఒత్తిడిదే.

ట్యూబు పంక్చరయితే టైరు ఎంత మంచిదయినా చక్రం కూలబడుతుంది. ఫ్రీజర్ నుంచి వచ్చిన నేరేడు కణాల్లో ట్యూబులు పంక్చరయి ఉంటాయి. గడ్డకట్టి ఉన్నంతసేపు లోపలి ఐసే పండును నిలబెడుతుంది కాబట్టి ఆ సంగతి బయటపడదు. ఐసు కరగగానే లోపలి రసం అడ్డూ ఆపూ లేకుండా కారిపోతుంది.

పంక్చర్ ఎలా పడిందన్నది ఇక తేలాలి. సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది: నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, కాబట్టి కణాలు పగులుతాయి. నిండా నింపిన గాజు సీసా ఫ్రీజర్‌లో పగలడం ఇలాగే. నీళ్ళు ఐసయ్యేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బే మాట నిజమే. కానీ పండు గాజు సీసా లాంటిది కాదు. దానికి సాగే గుణం ఉంది, కణాల మధ్య గాలి సందులూ ఉన్నాయి. ఉబ్బు వల్ల కొంత నష్టం ఉన్నా, అంతకంటే పెద్ద నష్టం మరో దారిన జరుగుతుంది.

పుల్లఐసు, కాకరకాయ

చిన్నప్పుడు పుల్లఐసు తిన్నవాళ్ళెవరికైనా తెలుసు. గట్టిగా చప్పరిస్తే రంగూ తీపీ ముందే నోట్లోకి వచ్చేస్తాయి, పుల్లకు తెల్లటి చప్పిడి ఐసు మిగులుతుంది. ఐసు గుణమే అంత. నీటి అణువులు వరుస కట్టి నిలబడేటప్పుడు మధ్యలో చక్కెరనో రంగునో చేరనివ్వవు. అన్నింటినీ పక్కకు నెట్టేసి అచ్చమైన నీళ్ళే ఐసవుతాయి.

పండు నెమ్మదిగా చల్లబడితే మొట్టమొదట గడ్డకట్టేది కణాల లోపలి నీళ్ళు కావు, కణాల మధ్య సందుల్లో ఉన్న నీళ్ళు. అక్కడ చక్కెర తక్కువ, నీళ్ళు పల్చన. అక్కడ ఐసు పలుకు ఒకటి పుట్టగానే చుట్టూ మిగిలిన రసం చిక్కబడుతుంది, ఎందుకంటే నీళ్ళు ఐసులోకి పోయి, చక్కెరా పులుపూ మిగిలిన కాస్త రసంలోనే ఇరుక్కుంటాయి. పల్చటి పొరకు ఒక పక్క చిక్కటి రసం, ఇంకో పక్క పల్చటి రసం ఉంటే నీళ్ళు ఎప్పుడూ చిక్కటి వైపుకే లాగబడతాయి. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచితే నీళ్ళూరుతాయి కదా, అదే పని ఇక్కడా జరుగుతుంది. కణంలోంచి నీళ్ళు బయటికొస్తాయి. వచ్చినవి వచ్చినట్టు బయటి ఐసు పలుకుకు అతుక్కుంటాయి. పలుకు పెద్దదవుతుంది, కణం ముడుచుకుంటుంది. గంటలకొద్దీ ఇదే సాగితే పలుకు కణాలను మించి పెరిగి, గోడలను విడదీసి, పొరలను చీల్చి తన దారి తాను చేసుకుంటుంది.

అదే పండు చకచకా చల్లబడితే కథ వేరు. నీళ్ళకు బయటికి పోయేంత వ్యవధి ఉండదు. ఎక్కడివక్కడే, కణం లోపలా బయటా ఒక్కసారిగా వేలాది పలుకులు పుడతాయి. అన్నీ పుట్టేశాక పంచుకోవడానికి మిగిలిన నీళ్ళు తక్కువ కాబట్టి ఏదీ పెద్దది కాలేదు.

ఈ తేడా చూడాలంటే పచారీ కొట్టు చాలు. అక్కడ పటికబెల్లమూ ఉంటుంది, మెత్తటి చక్కెరా ఉంటుంది. రెండూ చక్కెరే. చిక్కటి పాకంలో దారం వేలాడదీసి కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే పటికబెల్లం స్ఫటికాలు వేలెడు పెరుగుతాయి. పాకాన్ని కలియబెడుతూ త్వరగా చల్లారిస్తే ఇసుకలాంటి సన్నటి పలుకు వస్తుంది. నేను కవరులో కట్టి పెట్టిన కిలో నేరేడులో పటికబెల్లం తయారయింది. నాకు కావలసింది సన్న చక్కెర.

— బాక్స్ —
బెర్రీ అంటే ఏది?
బజారు భాషలో చిన్నగా, మెత్తగా, రంగురంగుల్లో ఉండే పండ్లన్నీ బెర్రీలే. వృక్షశాస్త్రం లెక్క వేరు. ఒకే పువ్వులోని ఒకే అండాశయం కండపట్టి, గట్టి పెంకు లేకుండా పండయితే అది బెర్రీ. ఆ లెక్కన ద్రాక్ష బెర్రీ, నేరేడు బెర్రీ, టమాటా బెర్రీ, మన గుత్తి వంకాయ కూడా బెర్రీయే. స్ట్రాబెర్రీ మాత్రం కాదు. అందులో మనం తినే ఎర్రటి భాగం పువ్వును మోసే పీఠం ఉబ్బినది, పైన గింజల్లా కనిపించేవే అసలు పండ్లు. మల్బరీ అయితే ఒక పువ్వుది కాదు, పూలగుత్తి మొత్తం కలిసి ఒక పండయినట్టు కనిపిస్తుంది. ఫ్రీజర్‌కు ఈ పేర్లతో పనిలేదు. దానికి కావలసింది తొక్క ఎంత మందం, నీళ్ళు ఎంత, చక్కెర ఎంత అన్నదే. మందపాటి తొక్క, ఎక్కువ చక్కెర ఉన్న ద్రాక్ష బాగా తట్టుకుంటుంది. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు పండే బెంగళూరు బ్లూ ద్రాక్ష ఇందుకు చక్కగా పనికొస్తుంది. పల్చటి చర్మం, నీటి కండ ఉన్న స్ట్రాబెర్రీ అన్నింటికంటే ముందు కూలబడుతుంది.
— —

దాటాల్సిన నాలుగు డిగ్రీలు

పండును గది వేడి నుంచి సున్నా దాకా దించడం తేలిక. సున్నా దాటాక, మైనస్ 1 నుంచి మైనస్ 5 మధ్య, పాదరసం కదలనట్టే ఉంటుంది. ఫ్రీజర్ ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది, పండు మాత్రం చల్లబడదు. తీసేసిన వేడి అంతా నీళ్ళు ఐసుగా మారడానికే సరిపోతుంది.

ఆ వేడి ఎంతో ఊహకందాలంటే ఇలా చూడండి. మన కొళాయి నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. వాటిని పొయ్యి మీద పెట్టి మరిగే దాకా కాచడానికి ఎంత వేడి ఇవ్వాలో, సున్నా డిగ్రీల దగ్గరున్న అన్నే నీళ్ళను ఐసు చేయడానికి అంత వేడిని బయటికి లాగాలి. కిలో నేరేడు ఫ్రీజర్‌లో పెట్టామంటే దాదాపు ముప్పాతిక లీటరుకు పైగా నీళ్ళు కాచేంత వేడిని ఆ చిన్న పెట్టె తోడిపోయాలి. అదీ పొయ్యి లాంటి మంటతో కాదు, చల్లటి గాలి తగలడం ఒక్కటే దాని చేతిలో ఉన్న సాధనం.

పెద్ద పలుకులు పెరిగేది సరిగ్గా ఈ నాలుగు డిగ్రీల మధ్యనే. ఆ మెట్టును అరగంటలో దాటించగలిగామా, పండు బతుకుతుంది. పది గంటలు అక్కడే కూర్చోబెట్టామా, గుడ్డపీలికలే. ఫ్రీజర్‌లో ఎన్ని నెలలు ఉంచామన్నది తర్వాతి మాట. పండు తలరాత మొదటి కొద్ది గంటల్లోనే తేలిపోతుంది.

లాబ్రడార్ చలి

వేగంగా గడ్డకట్టించాలన్న ఈ కిటుకును వ్యాపారానికి పనికొచ్చేలా పట్టుకున్నవాడు క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్. 1912లో ఆయన కెనడా తూర్పు తీరంలోని లాబ్రడార్‌కు వెళ్ళాడు. అక్కడి ఇన్యూట్ జాలర్లు మంచుకు కన్నం పెట్టి పట్టిన చేప, మైనస్ 40 డిగ్రీల గాలి తగలగానే చూస్తుండగానే బిగుసుకుపోయేది. నెలల తర్వాత కరిగించి వండితే అప్పుడే పట్టినట్టు ఉండేది. న్యూయార్క్‌లో తాను తిన్న శీతల గిడ్డంగి చేప అలా ఎందుకుండదని ఆయనకు అనుమానం వచ్చింది. గిడ్డంగుల్లో నెమ్మదిగా చల్లబరుస్తారు, ఇక్కడ ఒక్క ఊపున. చలి ఎంతన్నదానికంటే ఎంత వేగంగా అన్నదే కీలకమని తేలింది.

తిరిగి వెళ్ళాక ఆయన చేసిన యంత్రం సూత్రం చాలా సులువైనది: ఆహారాన్ని పల్చటి పొట్లాలుగా కట్టి, బాగా చల్లబరచిన రెండు లోహపు పలకల మధ్య అదిమి పెట్టడం. 1930 మార్చి 6న మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఆ సరుకు మొదటిసారి దుకాణాల్లోకి వచ్చింది. మాంసం, చేపలు, బఠాణీలతో పాటు పళ్ళూ ఉన్నాయి.

ఇవాళ ఫ్యాక్టరీల్లో ఇంకో అడుగు ముందుకేశారు. చిల్లుల పట్టీ మీద పళ్ళు పోసి, అడుగు నుంచి మైనస్ 30, 40 డిగ్రీల గాలిని జోరుగా కొడతారు. ప్రతి పండూ గాల్లో తేలుతూ చుట్టూ చలి తాకుతూ దేనికది విడిగా గడ్డకడుతుంది. మరమరాల బట్టీలో వేడి ఇసుక ప్రతి గింజనూ అన్ని వైపులా చుట్టుకుంటుంది చూడండి, అదే ఉపాయం, వేడి బదులు చలి. సూపర్‌మార్కెట్లో కొన్న ఫ్రోజెన్ బఠాణీ పొట్లాన్ని ఊపితే గలగలలాడేది అందుకే.

మన ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది, గాలీ అంత జోరుగా వీచదు. దాని వేగం మనం పెంచలేం. పండు నుంచి చలికి ఉన్న దూరం మాత్రం తగ్గించగలం.

పళ్ళెంలో పరిచిన రెండో కిలో

మరుసటి ఏడాది అదే బండి దగ్గర మళ్ళీ కొన్నాను. ఈసారి ఎలా చేశానో, ఏ పని ఎందుకో చెబుతాను.

ముందు ఏరడం. చిట్లినవి, తొడిమ దగ్గర మెత్తబడినవి ఆ సాయంత్రమే తినేశాం. వాటి ట్యూబులు అప్పటికే పోయాయి కదా, ఫ్రీజర్ వాటిని బాగుచేయదు. తర్వాత రెండు మూడు నీళ్ళలో కడిగి, పాత నూలు చీర మీద ఫ్యాను కింద గంట సేపు ఆరబెట్టాను. ఈ ఆరబెట్టడాన్ని చాలామంది వదిలేస్తారు. తొక్క మీద నీటి చుక్క ఉంటే అదే ముందు గడ్డకట్టి పక్కపండుతో అతుక్కుంటుంది, విడదీయబోతే తొక్క ఊడుతుంది.

గింజ తీయాలా అంటే, నా మటుకు వద్దంటాను. గింజ తీయాలంటే కోయాలి, కోస్తే కండ గాలికి తెరుచుకుంటుంది. తొక్క అనేది ఆ పండుకు పుట్టుకతో వచ్చిన కవరు. దాన్ని మనం చించుకోవడం దేనికి?

పరచడానికి వెడల్పాటి అల్యూమినియం పళ్ళెం తీసుకున్నాను. స్టీలు కూడా పనిచేస్తుంది, కానీ అల్యూమినియం స్టీలు కంటే పదింతలకు పైగా వేగంగా వేడిని లాగుతుంది. ఆ పళ్ళేన్ని అరగంట ముందే ఖాళీగా ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరిచాను. బర్డ్స్‌ఐ పలకకు ఇది మన వంటింటి రూపం. దాని మీద పళ్ళు ఒకటే వరస, ఒకదాన్నొకటి తాకకుండా.

ఒకటే వరస ఎందుకంటే, వేడి బయటికి రావాల్సిన దారి రెండింతలయితే పట్టే సమయం రెండింతలతో ఆగదు, నాలుగింతల దాకా పోతుంది. బయటి వరస గడ్డకట్టాక, లోపలి పండు వేడి ఆ గట్టి పొరలన్నీ దాటి రావాలి. కవరు ముద్దలో నడిమి పండు తెల్లవార్లూ ఆ నాలుగు డిగ్రీల మెట్టు మీదే కూర్చుంటుంది. విడిగా పరిచిన పండులో నడిమికీ గాలికీ మధ్య దూరం సెంటీమీటరు.

ఒకేసారి ఎక్కువ పెట్టడమూ తప్పే. ఫ్రీజర్ భాగంలో సుమారు 28 లీటర్ల చోటుకు రోజుకు కిలో పండు మించకూడదని ఒక లెక్క. ఎక్కువయితే కొత్త పళ్ళ వేడికి పాతవి కూడా కొంత మెత్తబడతాయి. ముందురోజు రాత్రే మీటను అన్నింటికంటే చల్లటి గుర్తుకు తిప్పి ఉంచితే మరీ మంచిది.

మర్నాడు పొద్దున పళ్ళెం తీసి తడితే గోళీల్లా గలగలలాడాయి. వెంటనే చిన్న చిన్న జిప్ కవర్లలో పోసి, గాలి మొత్తం చేత్తో నొక్కి తీసి, తేదీ రాసి లోపలికి తోశాను. ఒక పూటకు సరిపడా ఒక కవరు.

స్ట్రాబెర్రీ అయితే పద్ధతి కాస్త మారుతుంది. మహాబలేశ్వరం నుంచో, మన లంబసింగి నుంచో చలికాలంలో వచ్చే పండుకు తొక్క అడ్డు ఉండదు. తొడిమ తీసి ముక్కలు చేసి, కిలోకు పావుకిలో దాకా చక్కెర కలిపి కాసేపు ఉంచితే రసమూరి పాకంలా ముక్కలను కప్పుతుంది. ఆ పాకం గాలిని తగలనివ్వదు, రంగు నిలుస్తుంది. చక్కెర ఎక్కువున్న చోట ఐసు కూడా కొంచెం తక్కువే ఏర్పడుతుంది.

— బాక్స్ —
ఫ్రీజర్ మీద ఉండే నక్షత్రాలు
కొన్ని ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ తలుపు మీద ఒకటో రెండో మూడో నక్షత్రాలు కనిపిస్తాయి. కరెంటు ఆదా చూపించే స్టార్ స్టిక్కర్‌కూ వీటికీ సంబంధం లేదు. ఇవి చలిని చెబుతాయి. ఒకటి అంటే మైనస్ 6, రెండు అంటే మైనస్ 12, మూడు అంటే మైనస్ 18. నాలుగు ఉంటే, తాజా సరుకును కొత్తగా గడ్డకట్టించే శక్తి కూడా ఉందని అర్థం. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఐసు అర చాలాసార్లు మైనస్ 18 దాకా పోదు. అందులో పళ్ళు కొద్ది వారాలు నిలుస్తాయి తప్ప, ఏడాదికి దాచుకునే ఆశ పెట్టుకోకూడదు.
— —

గడ్డకట్టాక కూడా నడిచే పనులు

ఐసయిపోయింది కదా, ఇక అన్నీ ఆగిపోయాయనుకుంటాం. మైనస్ 18 దగ్గర కూడా పండులో కాస్త నీరు గడ్డకట్టకుండా, చక్కెరా ఆమ్లాలూ దట్టంగా కలిసిన జిగురులా మిగిలే ఉంటుంది. మూడు పనులు అక్కడ నెమ్మదిగా సాగుతూనే ఉంటాయి.

మొదటిది ఎండిపోవడం. హారతి కర్పూరం డబ్బా మూత సరిగా పెట్టకపోతే కొన్నాళ్ళకు బిళ్ళలు అరిగిపోతాయి. ఎక్కడా కరిగిన తడి కనిపించదు. గట్టిది గట్టిగానే ఆవిరయింది. ఐసుకూ ఆ గుణం ఉంది. కవరులో గాలి మిగిలితే పండు మీది ఐసు ఆవిరయి, కవరు లోపలి గోడకు తెల్లటి పొడిలా అంటుకుంటుంది. పండు ముడతలు పడి బెండులా తయారవుతుంది. గాలి తీసేయమనేది ఇందుకే.

రెండోది పలుకులు మళ్ళీ పెరగడం. ఎంత వేగంగా గడ్డకట్టించినా, చలి ఎక్కుతూ దిగుతూ ఉంటే చిన్న పలుకులు ముందు కరుగుతాయి, ఆ నీళ్ళు మళ్ళీ గడ్డకట్టేటప్పుడు పెద్దవాటికే వెళ్ళి అంటుకుంటాయి. కరెంటు పోయి వచ్చాక ఐస్‌క్రీమ్ నాలుక మీద పలుకులుగా తగలడానికి కారణం ఇదే. ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లు తమ తీగల మీది మంచును కరిగించుకోవడానికి మధ్యమధ్య కాస్త వేడెక్కుతాయి కూడా. అందుకని పళ్ళు తలుపు దగ్గర కాకుండా లోపలి మూల, వేరే పొట్లాల మధ్య ఉండాలి. కరెంటు పోతే తలుపు తెరవకపోవడమే మందు. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ తలుపు మూసి ఉంటే రెండు రోజుల దాకా చలి నిలుపుకుంటుంది, సగం ఖాళీగా ఉంటే ఒక రోజు. ఫ్రిజ్ పై అరలో అంతకంటే తక్కువే.

మూడోది ఎంజైముల పని. హెబ్బగోడి వాళ్ళకు ఎంజైమ్ పరాయి మాటేమీ కాదు. ఇక్కడి మెట్రో స్టేషన్ పేరులోనే ఉన్న బయోకాన్, 1978లో బెంగళూరులో ఒక గ్యారేజీలో మొదలైనప్పుడు తీసిన తొలి సరుకుల్లో ఒకటి బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ అనే ఎంజైమే. మాంసం త్వరగా ఉడకడానికి మనం పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా, అందులో పనిచేసేది అదే. నేరేడులోనూ స్ట్రాబెర్రీలోనూ వేరే రకం ఎంజైములుంటాయి. కోసిన వంకాయ నల్లబడటం వాటి పనే. కణం సరిగ్గా ఉన్నంతకాలం ఎంజైము ఒక గదిలో, అది పట్టుకునే పదార్థం ఇంకో గదిలో ఉంటాయి. ఐసు గోడలు చీల్చాక రెండూ కలుస్తాయి. చలిలో వాటి పని నత్తనడక. కరగడం మొదలయ్యాక పరుగే. కూరగాయలకైతే ఫ్రీజర్‌కు ముందు మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి ఆ ఎంజైములను చంపేస్తారు. బెర్రీలకు ఆ పని చేస్తే పండే ఉడికిపోతుంది. కాబట్టి వీటికి చలి, చక్కెర, కాస్త నిమ్మరసం, ఇవే రక్ష. ఏడాదిలోపు వాడేసుకోవాలి.

చలి దేన్నీ చంపదు

ఇది గట్టిగానే చెప్పాలి. ఫ్రీజర్‌లో పెట్టడమంటే క్రిములు చచ్చిపోవడం కాదు. బ్యాక్టీరియా చాలామటుకు నిద్రపోతుంది, వైరస్‌కైతే ఆ చలి ఇబ్బందే కాదు. 2013లో యూరప్‌లోని పలు దేశాల్లో వెయ్యిమందికి పైగా పచ్చకామెర్ల రకం హెపటైటిస్-ఎ బారిన పడితే, జాడ వెతుక్కుంటూ వెళ్ళిన అధికారులకు దొరికింది ఫ్రోజెన్ బెర్రీల మిశ్రమం. ఎక్కడో తోటలోనో ప్యాకింగ్ చోటనో అంటిన వైరస్, నెలల తర్వాత వేరే దేశంలో ఎవరి గిన్నెలోనో మేలుకుంది.

మన నేరేడు ఎక్కువగా చెట్టు దులిపి, కింద రాలినవి ఏరినదే. ఎన్ని చేతులు మారిందో తెలియదు. ఫ్రీజర్‌కు వెళ్ళేముందు కడిగే ఆ రెండు మూడు నీళ్ళను తగ్గించవద్దు, మన చేతులు కూడా సబ్బుతో కడుక్కోవాలి. పసిపిల్లలకు, గర్భిణులకు, ఒంట్లో బాగాలేని వాళ్ళకు ఫ్రోజెన్ పండును ఉడికించి ఇవ్వడమే మేలు. కరిగిన పళ్ళను గంటలకొద్దీ బయట ఉంచి మళ్ళీ లోపల పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నిద్రలేచిన క్రిములు రెండింతలు, నాలుగింతలయి మళ్ళీ నిద్రపోతాయి.

పంక్చరయినా పనికొచ్చే చోటు

పళ్ళెంలో పరిచినా పండు తాజా పండంత బిగువుగా రాదు. ట్యూబులు కొన్నయినా పోతాయి. అయితే కణాలు చీలడం అన్ని వంటలకూ నష్టం కాదు. జామ్ చేయాలంటే తాజా పండును ఉడికించి, చిదిమి, రసం తీయాలి. ఫ్రీజర్ ఆ సగం పని ముందే చేసి పెట్టింది. కరిగిన నేరేడును జల్లెడలో వేసి గరిటె వెనకతో రుద్దితే గుజ్జు కిందికి, గింజలు పైన మిగులుతాయి. తొక్కలో దాగిన ఊదా రంగు కూడా విడుదలయి ఉంటుంది కాబట్టి మజ్జిగలో ఒక చెంచా కలిపితే చాలు, గ్లాసంతా గులాబీ రంగు. ఆ రంగు పులుపుకు ఎర్రబడి, సోడా లాంటి క్షారానికి నీలం వైపు తిరుగుతుంది. వంటసోడా కాస్త కలిపి చూపిస్తే పక్కింటి పిల్ల పది నిమిషాలు ఆ గిన్నె వదల్లేదు. నా మొదటి ఏడాది ముద్ద ఉంది చూశారూ, చివరికి అదీ ఇలాగే బెల్లం వేసిన పానకమయింది. పారబోయలేదు.

ఊరికే తినాలంటే ఒక చిట్కా ఉంది. పూర్తిగా కరగనివ్వకూడదు. ట్యూబులు పోయినా లోపలి ఐసు ఇంకా పండును పట్టుకుని ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే తినేయాలి. బయట తొక్క మెత్తబడి, లోపల గింజ చుట్టూ ఇంకా సన్నటి పలుకు తగులుతుండాలి.

సంక్రాంతికి అమ్మ వచ్చింది. కనుమ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక కవరు విప్పి పళ్ళెంలో పోశాను. గోళీల్లా దొర్లాయి. ఐదు నిమిషాలకు తొక్క మీద మంచు నూగు కరిగి నల్లగా నిగనిగలాడాయి. అమ్మ ఒకదాన్ని ఉప్పులో అద్దుకుని నోట్లో వేసుకుంది. చలికి ఒక కన్ను మూసింది. గింజ అరచేతిలోకి ఊసి, ఊదారంగు నాలుకతో అడిగింది:

“ఇంకా ఎన్ని కవర్లుండాయి?”